పిలవని సభలోకి: ఎస్తేరు కథ, స్త్రీల ధైర్యం

యూదుల పవిత్ర గ్రంథాల్లో స్త్రీల పేర్లతో ఉన్న పుస్తకాలు రెండే రెండు. ఒకటి రూతు, రెండోది ఎస్తేరు. రూతు కథ పొలంలో పరిగె ఏరుకుని బతికిన, భర్త చనిపోయిన స్త్రీది. ఎస్తేరు కథ పర్షియా రాజు అంతఃపురంలో జరుగుతుంది. పైకి చూస్తే ఈ రెండోదానిలో మనకు పనికొచ్చేది ఏమీ లేదనే అనిపిస్తుంది. అందం వల్ల రాణి అయిన ఒక అనాథ పిల్ల, విందులు చేసి భర్తను మెప్పించి, తన జాతిని చావు నుంచి తప్పించింది. ఆదివారం బడుల్లో ఈ కథ చెప్పి చివర తీసే నీతి కూడా అలాంటిదే. ఎస్తేరు అణకువ గలది, పెద్దల మాట విన్నది, అందుకే దేవుడు ఆమెను వాడుకున్నాడు అంటారు.

అయితే చరిత్ర తిరగేస్తే వేరే సంగతి కనిపిస్తుంది. నోరు విప్పడానికి హక్కు లేని స్త్రీలు, వేర్వేరు శతాబ్దాల్లో, వేర్వేరు దేశాల్లో, తప్పనిసరిగా నోరు విప్పాల్సి వచ్చినప్పుడు ఈ కథనే తోడు తెచ్చుకున్నారు. వాళ్ళెవరూ ఎస్తేరులో అణకువను చూడలేదు. వాళ్ళు చూసింది ఒక చట్టాన్నీ, ఆ చట్టాన్ని తెలిసి తెలిసీ దాటిన ఒక స్త్రీనీ. మత గ్రంథాలన్నీ పురుషులు రాసుకున్నవే కదా, వాటిలో మనకేముంది అన్న ప్రశ్న స్త్రీవాదులం చాలాకాలంగా వేసుకుంటూనే ఉన్నాం. ఆ ప్రశ్నకు సిద్ధాంతంలో జవాబు వెతికేకంటే, ఒక్క కథను స్త్రీలు ఏం చేశారో చూడటం మేలనిపిస్తుంది.

కథలో ఏముంది?

రాజు పేరు అహష్వేరోషు. హిందూదేశం నుంచి కూషు దేశం దాకా 127 సంస్థానాలు ఏలినవాడు. షూషను కోటలో 180 రోజులు తన సంపదను ప్రదర్శించి, ఆ తర్వాత 7 రోజులు విందు చేస్తాడు. ఏడో రోజు తాగిన మత్తులో, రాణి వష్తి అందాన్ని అందరికీ చూపించాలని ఆమెను పిలిపిస్తాడు. ఆమె రానంటుంది. ఎందుకు రానందో మూలంలో ఒక్క మాటైనా లేదు. రాజు మంత్రులు కూర్చుని ఆలోచిస్తారు. వాళ్ళ భయం వష్తి గురించి కాదు. ఈ మాట బయటికి పొక్కితే దేశంలో ఆడవాళ్ళంతా మొగుళ్ళను లెక్కచేయరని! వష్తిని తొలగిస్తారు. ప్రతి మగవాడూ తన ఇంటికి యజమానిగా ఉండాలని అన్ని భాషల్లోనూ తాకీదులు పంపిస్తారు. ఒక స్త్రీ ఒకసారి 'రాను' అన్నందుకు సామ్రాజ్యం మొత్తానికీ చట్టం చేయాల్సి వచ్చింది. పితృస్వామ్యం లోపల ఎంత పిరికిదో ఇంతకంటే బాగా చెప్పిన ప్రాచీన రచన అరుదు.

తర్వాత అన్ని సంస్థానాల నుంచీ కన్యలను పోగుచేస్తారు. ఆ పిల్లల ఇష్టం ఎవరూ అడిగినట్టు లేదు. ఒక్కొక్కరికీ 12 నెలల అలంకరణ. 6 నెలలు బోళం నూనెతో, 6 నెలలు సుగంధ ద్రవ్యాలతో. ఆ తర్వాత ఒక రాత్రి రాజు దగ్గరికి. తెల్లవారితే రెండో అంతఃపురానికి. రాజు పేరు పెట్టి పిలిస్తే తప్ప మళ్ళీ ఎవరూ అతని ముఖం చూడరు. ఎస్తేరు రాణి అయిందని మనం గుర్తు పెట్టుకుంటాం. ఆ రెండో అంతఃపురంలో మిగిలిపోయిన ఆడపిల్లల పేర్లు ఎవరూ రాయలేదు.

ఎస్తేరు అసలు పేరు హదస్సా. తల్లీ తండ్రీ లేని పిల్ల. పినతండ్రి కొడుకు మొర్దెకై పెంచాడు. తాను యూదురాలినన్న సంగతి అంతఃపురంలో ఎవరికీ చెప్పవద్దని ఆయన చెబితే చెప్పకుండా ఉండిపోయింది. ఆ తర్వాత రాజు దగ్గర పెద్ద పదవిలో ఉన్న హామాను, మొర్దెకై తనకు మొక్కలేదన్న కోపంతో, యూదులందర్నీ ఒకే రోజున చంపించే తాకీదు పుట్టిస్తాడు. ఆ రోజు ఏదో తేల్చడానికి చీట్లు వేయిస్తాడు. ఆ చీటిని 'పూరు' అంటారు. పూరీం పండుగకు ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

రాజు దగ్గరికి వెళ్ళి వేడుకోమని మొర్దెకై కబురు పెట్టినప్పుడు ఎస్తేరు మొదటి జవాబు వీరనారి జవాబు కాదు. పిలవకుండా రాజు లోపలి ఆవరణలోకి వెళితే మగవాడైనా ఆడదైనా మరణశిక్షే. రాజు బంగారు దండం చాచితేనే ప్రాణం దక్కుతుంది. తనను పిలిచి 30 రోజులు అయింది. ఇదీ ఆమె చెప్పింది. అప్పుడు మొర్దెకై, అంతఃపురంలో ఉన్నావు కాబట్టి నువ్వొక్కదానివి తప్పించుకుంటావనుకోకు అని హెచ్చరిస్తాడు. ఇలాంటి సమయం కోసమే నీకీ స్థానం వచ్చిందేమో ఎవరికి తెలుసు అని అడుగుతాడు. అక్కడినుంచి కథ తిరుగుతుంది. అంతవరకూ ఆజ్ఞలు విన్న పిల్ల ఇప్పుడు తానే ఆజ్ఞ ఇస్తుంది. షూషనులోని యూదులంతా మూడు రోజులు ఉపవాసం ఉండాలంటుంది. తానూ తన పనికత్తెలూ అలాగే ఉంటామంటుంది. ఆ తర్వాత చట్టానికి విరుద్ధంగానే రాజు దగ్గరికి వెళతానని, చావు వస్తే చావేనని చెప్పి పంపిస్తుంది. ఈసారి మొర్దెకై ఆమె చెప్పినట్టు చేస్తాడు.

మిగతా కథ తెలిసిందే. రాజు దండం చాస్తాడు. రెండు విందుల తర్వాత ఆమె తన పుట్టుక సంగతి బయటపెట్టి హామానును ఎత్తిచూపుతుంది. మొర్దెకై కోసం హామాను నిలబెట్టించిన యాభై మూరల ఉరికొయ్యకు హామానే వేలాడతాడు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, హీబ్రూ మూలంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. ఆకాశం నుంచి స్వరం వినిపించదు, కలలో ఎవరూ కనిపించరు. 'ఎవరికి తెలుసు' అన్న అనుమానం మీదనే ఆమె అడుగు వేయాలి. ఇది లోటుగా తోచి కాబోలు, తర్వాత వచ్చిన గ్రీకు అనువాదంలో ఎస్తేరు చేత పొడవైన ప్రార్థన చేయించారు. రెండు, ఇది జరిగిన చరిత్ర అని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. అహష్వేరోషును క్రీ.పూ. 486 నుంచి 465 వరకు ఏలిన క్సెర్‌క్సెస్‌గా గుర్తిస్తారు. కానీ హెరొడోటస్ రాసిన చరిత్రలో ఆ రాజు భార్య పేరు అమెస్ట్రిస్. ఎస్తేరు జరిగిన మనిషి కాకపోవచ్చు. ఆమెను చదివిన స్త్రీలు మాత్రం జరిగిన మనుషులే. నాకు ముఖ్యమైన చరిత్ర వాళ్ళది.

'నన్ను రాయండి'

పూరీం పండుగను ఖాయం చేస్తూ ఎస్తేరు ఉత్తరం రాసిందని తొమ్మిదో అధ్యాయం చివర ఉంది. అక్కడ మొర్దెకై పేరు కూడా ఉన్నా, హీబ్రూలో 'రాసింది' అన్న క్రియ స్త్రీలింగ ఏకవచనంలోనే ఉంటుంది. అధ్యాయం ముగింపులోనూ ఎస్తేరు ఆజ్ఞ వల్లే ఆ సంగతి స్థిరపడి గ్రంథంలోకి ఎక్కిందంటారు. కథ మొదట్లో తాకీదులన్నీ మగవాళ్ళవి, ఆడవాళ్ళ నోరు మూయించడానికి రాసినవి. చివరికి వచ్చేసరికి కలం ఎస్తేరు చేతిలో ఉంది.

తాల్ముదులో దీనికి ముడిపడిన ఒక ముచ్చట ఉంది. తనను తరతరాలకూ గుర్తుండేలా రాయమని ఎస్తేరు పండితులకు కబురు పెట్టిందట. వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. ఇతర జాతుల్లో మన మీద అసూయ రేగుతుందని ఒక అభ్యంతరం చెప్పారు. తన సంగతి రాజుల వృత్తాంతాల్లో ముందే రాసి ఉందని ఆమె తిప్పికొట్టింది. ఎప్పుడో రాజు ముందు నిలబడ్డ స్త్రీ, ఇప్పుడు తన జాతి పండితుల ముందు నిలబడి తన కథకు చోటు అడుగుతోంది! గ్రంథంలోకి కూడా ఆమె పిలవకుండానే వెళ్ళిందన్నమాట. అదే తాల్ముదులో రబ్బీ యెహోషువ బెన్ లేవీ పేరుతో మరో తీర్పు ఉంది. పూరీం నాడు ఆ గ్రంథ పఠనం వినడం స్త్రీలకు కూడా విధి, ఎందుకంటే ఆ అద్భుతంలో వాళ్ళూ ఉన్నారు. సమయానికి కట్టుబడిన చాలా విధుల నుంచి స్త్రీలను మినహాయించిన సంప్రదాయంలో ఈ ఒక్క తలుపు తెరుచుకుంది.

వష్తి విషయంలో అదే పండితులు వేరేగా ప్రవర్తించారు. రాజు పిలిస్తే ఒక స్త్రీ ఊరికే రానంటుందా? ఆమెకు కుష్ఠు వచ్చి ఉంటుందనీ, తోక మొలిచి ఉంటుందనీ కథలు కల్పించారు. స్త్రీ తన మర్యాద కోసం కాదనగలదన్న ఊహే వాళ్ళకు తట్టలేదు.

ఆనవాలు మిగలని ఉపవాసం

1492 మార్చి 31న స్పెయిన్ పాలకులు ఫెర్డినాండ్, ఇసబెల్లా యూదులను దేశం నుంచి వెళ్ళగొడుతూ శాసనం జారీచేశారు. 1497లో పోర్చుగల్‌లో యూదులకు బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. క్రైస్తవులుగా పేర్లు మార్చుకుని లోపల యూదులుగా బతికిన కుటుంబాల మీద మత న్యాయస్థానాల నిఘా ఉండేది. ప్రార్థనా మందిరాలు లేవు, హీబ్రూ పుస్తకాలు లేవు, బోధించే రబ్బీలు లేరు. మతం అంటూ మిగిలితే అది వంటింట్లోనే మిగలాలి. దాంతో అంతవరకూ మగవాళ్ళ చేతుల్లో ఉన్న విద్య తల్లుల చేతుల్లోకి వచ్చింది. శుక్రవారం సాయంత్రం దుప్పటి మార్చడం, పంది మాంసానికి ఏదో వంక చెప్పి తప్పుకోవడం, పిల్లకు పన్నెండేళ్ళు వచ్చాక చెవిలో రహస్యం చెప్పడం ఆడవాళ్ళే చేశారు.

వాళ్ళు గట్టిగా పట్టుకున్నది ఎస్తేరునే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. తన జాతిని దాచుకుని పరాయి ఇంట్లో బతికిన స్త్రీ గ్రంథంలో ఆమె ఒక్కతే. పూరీం అంటే తాగడం, వేషాలు, గోల. అదంతా వాళ్ళకు ప్రాణాంతకం. అందుకని పండుగను వదిలేసి ఎస్తేరు ఉపవాసాన్ని ఉంచుకున్నారు. కొందరు మూడు రోజులూ ఉండేవారు. ఉపవాసానికి సామగ్రి అక్కర్లేదు, పొయ్యి మీద ఏమీ కనిపించదు, పొరుగింటివాళ్ళకు వాసన రాదు. చుట్టూ ఉన్నవాళ్ళకు పునీతులు ఉంటే వీళ్ళూ 'పునీత ఎస్తేరు' అని పిలుచుకున్నారు. క్రైస్తవ ముసుగు వేసుకున్న యూదు రాణి!

ఈ సంగతులు మనకు తెలిసింది విచారణ పత్రాల వల్లే. మెక్సికోలో 1571లో మత న్యాయస్థానం ఏర్పడింది. 1596 డిసెంబర్ 8న మెక్సికో నగరంలో ఫ్రాన్సిస్కా దె కార్వహాల్‌కూ, ఆమె కూతుళ్ళు ఇసబెల్, కటాలినా, లియొనార్‌లకూ, కొడుకు లూయిస్‌కూ మరణశిక్ష అమలు చేశారు. ఏ రోజు ఏం తిన్నారు, ఏం తినలేదు, ఎవరు ఎవరికి చెప్పారు అని గుచ్చి గుచ్చి అడిగి రాసుకున్న గుమాస్తాలు, తమకు తెలియకుండానే స్త్రీల చరిత్రను భద్రపరిచారు. స్త్రీల చరిత్ర రాసేవాళ్ళకు ఇది అలవాటైన విషాదం. మన గొంతులు చాలాసార్లు మనను శిక్షించినవాళ్ళ కాగితాల్లోనే దొరుకుతాయి.

బోస్టన్ వేదిక మీద

రెండున్నర శతాబ్దాల తర్వాత, అట్లాంటిక్ ఆవలి ఒడ్డునే ఉత్తరాన, ఈ కథ బహిరంగ వేదిక ఎక్కింది. అక్కడ దాచుకోవాల్సింది మతం కాదు. స్త్రీ గొంతే అక్కడ నేరం.

మరియా స్టువర్ట్ 1803లో హార్ట్‌ఫర్డ్‌లో పుట్టిన నల్లజాతి స్త్రీ. అయిదేళ్ళకే తల్లీ తండ్రీ పోయారు. పదిహేనేళ్ళు వచ్చేదాకా ఒక పాదిరి ఇంట్లో పనిపిల్ల. 1829లో భర్త చనిపోయాక ఆస్తి వ్యవహారం చూసిన తెల్లవాళ్ళు ఆమెకు రావాల్సింది రాకుండా చేశారు. 1832లో ఆమె బోస్టన్‌లోని ఫ్రాంక్లిన్ హాల్‌లో స్త్రీపురుషులున్న సభలో బానిసత్వం గురించీ, నల్లజాతి ఆడపిల్లలను చాకిరీకే పరిమితం చేయడం గురించీ మాట్లాడింది. అమెరికాలో పుట్టిన స్త్రీ అలా రాజకీయ ఉపన్యాసం ఇవ్వడం అదే మొదలని చరిత్రకారులు అంటారు. తెల్లవాళ్ళే కాదు, తనవాళ్ళూ ఓర్చుకోలేకపోయారు. 1833లో వీడ్కోలు ఉపన్యాసం ఇచ్చి ఆమె బోస్టన్ వదిలింది. అందులో తనను ఆక్షేపించినవాళ్ళకు దెబోరానూ, ఎస్తేరునూ, మగ్దలేనే మరియనూ గుర్తుచేసింది. స్త్రీ సభలో మాట్లాడటం సిగ్గుచేటన్నాడే పౌలు, ఆయనకు మా కష్టాలు తెలిసి ఉంటే అడ్డు చెప్పేవాడు కాదని వాదించింది. అనాథగా పరాయి ఇంట పెరిగిన ఆమెకు ఎస్తేరు దూరపు రాణిగా కనిపించి ఉండదు. ఆ తర్వాత ఆమె బడిపంతులమ్మగా, వాషింగ్టన్‌లో విముక్త బానిసల ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా బతికింది. చివరి రోజుల్లో వచ్చిన వితంతు పింఛను డబ్బుతో 1879లో తన రచనలు మళ్ళీ అచ్చువేయించి, ఆ ఏడాదే చనిపోయింది. ఆమె కూడా తనను తాను రాయించుకుంది.

ఏంజెలినా గ్రిమ్‌కే కథ దీనికి ఎదురు చివర మొదలవుతుంది. 1805లో చార్ల్స్‌టన్‌లో బానిసల యజమానుల ఇంట్లో, న్యాయమూర్తి కూతురిగా పుట్టింది. మొర్దెకై హెచ్చరించింది ఇలాంటివాళ్ళనే. ఇంట్లో ఉన్నావు కాబట్టి నీకేం కాదనుకోకు అని. 1836లో దక్షిణాది క్రైస్తవ స్త్రీలకు రాసిన విజ్ఞప్తిలో, బానిసల తరఫున నిలబడే ఎస్తేరు మీలో ఒక్కరైనా లేరా అని అడిగింది. సొంత ఊరికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. 1837లో మసాచుసెట్స్ మత పెద్దలు, స్త్రీలు బహిరంగంగా ఉపన్యసించడాన్ని ఖండిస్తూ లేఖ విడుదల చేశారు.

1838 ఫిబ్రవరి 21న ఆమె మసాచుసెట్స్ శాసనసభ కమిటీ ముందుకు వెళ్ళింది. అమెరికాలో శాసనకర్తల ముందు ప్రసంగించిన మొదటి స్త్రీ ఆమే. ఆ ఘడియలో తన గుండె లోపలే చచ్చిపోయినట్టయిందని తర్వాత ఒక ఉత్తరంలో రాసుకుంది. ఉపన్యాసం ఎస్తేరుతోనే మొదలుపెట్టింది. కానీ కీర్తించి ఊరుకోలేదు. ఆ రాణి నగలతో, విందులతో, అందంతో రాజు మనసు కరిగించాల్సి వచ్చింది, ఆ పద్ధతి ఈనాడు వాడితే అది సభకే అవమానం అని తేల్చింది. తాను వచ్చింది ఎవరి దయ కోసమో కాదు, కొరడా చప్పుడుకు పుట్టిన గడ్డ వదిలి వచ్చిన మనిషిగా, పిటిషన్ల మీద సంతకాలు చేసిన 20,000 మంది మసాచుసెట్స్ స్త్రీల తరఫున అని చెప్పింది. ఎస్తేరు దగ్గర ధైర్యం తీసుకుని, ఆమె ఆయుధాన్ని అక్కడే వదిలేసింది. పాత కథను గౌరవిస్తూనే దానితో పేచీ పెట్టుకోవడం ఎలాగో ఇంతకంటే మంచి పాఠం నేను చదవలేదు. మూడు నెలలు తిరక్కుండానే, మే నెలలో ఫిలడెల్ఫియాలో ఆమె మాట్లాడిన పెన్సిల్వేనియా హాలును మర్నాడు రాత్రి మూక తగలబెట్టింది. బంగారు దండం ప్రతిసారీ చాచరు.

1853 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో స్త్రీల హక్కుల సభ జరిగింది. మగ మూకలు వచ్చి అరుపులతో, ఈలలతో అడ్డుకోవడం వల్ల దానికి 'మూక సభ' అనే పేరు మిగిలింది. బానిసగా పుట్టి, చదవడం రాయడం రాని సోజర్నర్ ట్రూత్ ఆ ఈలల మధ్య లేచింది. గ్రంథాన్ని విని మనసులో పెట్టుకున్న మనిషి. ఆ రాజు ఎస్తేరుకు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు, మేం అర్ధరాజ్యం అడగడం లేదు, మా హక్కులు అడుగుతున్నాం, ఈ దేశపు రాజులకు ఆపాటి మనసు లేదా అని నిలదీసింది. హామానును ఉరితీశారన్న సంగతీ ఎత్తింది. అయితే ఎవరినీ చంపాలన్న కోరిక తనకు లేదనీ, మగవాళ్ళ బుద్ధి ఇంత పొట్టిగా ఉన్నందుకు జాలిపడుతున్నాననీ అంది. గ్రంథం తెరవకుండానే, అందులోని అతి కష్టమైన అధ్యాయాన్ని ఆమె ఒక్క మాటతో సరిచేసింది.

వష్తి వారసులు

ఎస్తేరు రావడానికి వష్తి పోవాలి. ఈ ఏర్పాటే అనుమానించదగ్గది. 'చెడ్డ' భార్య స్థానంలో 'మంచి' భార్యను పెట్టి ఇద్దరినీ పోటీకి నిలపడం మనకు కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దపు స్త్రీలు ఈ సంగతి కనిపెట్టారు. బాల్టిమోర్‌లో 1825లో పుట్టిన నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్ వష్తి మీదే కవిత రాసింది. బానిస స్త్రీల శరీరాలను వేలంలో అందరి ముందూ నిలబెట్టిన దేశంలో, తనను ప్రదర్శనకు పెట్టనివ్వని రాణి మీద నల్లజాతి స్త్రీ కవిత రాయడం చిన్న సంగతి కాదు.

ఎలిజబెత్ కేడీ స్టాంటన్ తన 'స్త్రీల బైబిలు' రెండో భాగాన్ని 1898లో తెచ్చింది. అందులోనూ వష్తికే పెద్దపీట. మొదటి భాగం 1895లో వచ్చినప్పుడే పెద్ద దుమారం రేగింది. 1896లో అమెరికా స్త్రీల ఓటు హక్కు సంఘం, ఆ పుస్తకంతో తమకు సంబంధం లేదని 53 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకంగా 41 ఓట్లు పడ్డాయి. సూసన్ ఆంథొనీ ఆ తీర్మానం వద్దని ఎంత చెప్పినా ఆగలేదు. ఓటు హక్కు దక్కాలంటే మతం జోలికి పోకూడదన్న జాగ్రత్త కొంతమందిది. అణచివేతకు ఆధారమైన గ్రంథాన్ని ప్రశ్నించకుండా ఓటు ఒక్కటే ఏం చేస్తుందన్నది స్టాంటన్ వాదన. ఒకరిది ఎస్తేరు దారి, మరొకరిది వష్తి దారి అనవచ్చు. కానీ కథను మళ్ళీ చూస్తే, ఇద్దరిదీ ఒకే చట్టానికి రెండు వైపులా చేసిన ధిక్కారం. ఒకామె పిలిస్తే వెళ్ళలేదు. ఇంకొకామె పిలవకుండా వెళ్ళింది. ఎప్పుడు రావాలో ఎప్పుడు రాకూడదో రాజే తేల్చాలన్న నియమాన్ని ఇద్దరూ కాదన్నారు. ఇటీవలి దశాబ్దాల్లో యూదు స్త్రీవాదులు పూరీం నాడు తామే గ్రంథం చదువుకుంటున్నారు. హామాను పేరు వచ్చినప్పుడు గోలచేసి ఆ పేరు వినపడకుండా చేయడం పాత ఆచారం. ఎస్తేరు, వష్తి పేర్లు వచ్చినప్పుడు గంటలు కట్టిన జెండాలు ఊపడం వీళ్ళు చేర్చుకున్న ఆచారం.

హదస్సా పేరుతో

1912 ఫిబ్రవరి 24న, పూరీం దగ్గరపడిన రోజుల్లో, న్యూయార్క్‌లో కొందరు యూదు స్త్రీలు కలుసుకుని ఒక సంఘం పెట్టారు. దానికి స్థిరపడిన పేరు ఎస్తేరు అసలు పేరు, హదస్సా. నాయకురాలు హెన్రియెటా సోల్డ్. 1860లో రబ్బీ ఇంట పుట్టి, మగవాళ్ళతో సమానంగా శాస్త్రం చదివింది. యూదు మత విద్యాలయంలో 1903లో చేరడానికి ఆమె ఒక మాట ఇవ్వాల్సి వచ్చింది. రబ్బీ పదవి అడగనని! 1913లో ఆ సంఘం ఇద్దరు నర్సులను జెరూసలేముకు పంపింది. తల్లులకూ పసిపిల్లలకూ వైద్యం అక్కడినుంచి మొదలై ఆసుపత్రులుగా పెరిగింది. 1916లో తల్లి చనిపోయినప్పుడు, కొడుకులు లేని ఆ ఇంట కద్దీష్ ప్రార్థన తాను చదువుతానని ఒక కుటుంబ మిత్రుడు ముందుకొచ్చాడు. సోల్డ్ కృతజ్ఞత చెప్పి ఒప్పుకోలేదు. ఆ ప్రార్థన తానే చెబుతానని ఉత్తరం రాసింది. కూతుళ్ళు తలకొరివి పెట్టడం గురించి మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం కాబట్టి, ఆ ఉత్తరం మనకు పరాయిది కాదు.

సోల్డ్ జీవితాన్ని పాలస్తీనా రాజకీయాల నుంచి విడదీసి మెచ్చుకోవడం నిజాయితీ కాదు. ఆమె సియోనిస్టు. అదే సమయంలో, యూదులూ అరబ్బులూ ఒకే రాజ్యంలో సమానంగా బతకాలని 1942లో ఏర్పడిన ఇహూద్ బృందంలోనూ ఉంది. 1945లో ఆమె చనిపోయింది. చరిత్ర ఆ దారిన పోలేదు.

తొమ్మిదో అధ్యాయం

ఎస్తేరును మెచ్చుకునేవాళ్ళు తొందరగా దాటేసే భాగం ఒకటుంది. హామాను చనిపోయాక యూదులు ఎదురుతిరిగి చంపారు. షూషనులో మొదటి రోజు 500 మంది, సంస్థానాల్లో 75,000 మంది అని లెక్క. షూషనులో ఇంకొక రోజు గడువు అడిగింది ఎస్తేరే. రెండో రోజు మరో 300 మంది. నిరాయుధులైన ప్రవాసులు కన్న పగటికల ఇదని పండితులు అంటారు. కావచ్చు. కానీ కలలు చేతికి ఆయుధం వచ్చేదాకే కలలు. 1994 ఫిబ్రవరి 25, పూరీం రోజు. హెబ్రోనులోని ఇబ్రహీమీ మసీదులో ఒక యూదు ఛాందసుడు ప్రార్థనలో ఉన్న 29 మంది పాలస్తీనియన్లను కాల్చి చంపాడు.

కాబట్టి ఈ కథ నుంచి ధైర్యం తీసుకునేవాళ్ళు సోజర్నర్ ట్రూత్ చేసిన పని కూడా చేయక తప్పదు. ఎక్కడ ఆగాలో చెప్పాలి. బాధితుల కథ విజేతల చేతికి వెళితే అదే కథ తాకీదు అవుతుంది.

మన దగ్గర

మన నేల ఈ కథలో మొదటి వాక్యం నుంచీ ఉంది. రాజ్యానికి తూర్పు సరిహద్దుగా చెప్పిన 'హోద్దు' హిందూదేశమే. అహ్మదాబాదుకు చెందిన బెనె ఇజ్రాయెల్ రచయిత్రి ఎస్తేర్ డేవిడ్ 2002లో తన వంశ చరిత్రను నవలగా రాస్తే, దానికి ఆ గ్రంథం పేరే పెట్టుకుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ నేపథ్యం నుంచి వచ్చి తమను ఎఫ్రాయిము సంతతి యూదులుగా చెప్పుకునే చిన్న సమూహం ఉంది. ఇక క్రైస్తవుల ఇళ్ళలో, ముఖ్యంగా మాల మాదిగ పల్లెల్లో, ఎస్తేరమ్మలూ ఎస్తేరు రాణులూ ఎందరో. కూతురికి దొరసాని పేరు పెట్టుకోవడమే తప్పుగా చూసిన ఊళ్ళలో 'రాణి' అని పిలుచుకునే వీలు ఆ పేరు ఇచ్చింది. ఆ ఎస్తేరులు తమ కథను ఎలా చదువుకున్నారో, పంచాయితీ ముందు, పోలీసు స్టేషను ముందు, పిలవని గడపల ముందు నిలబడ్డప్పుడు ఏ వాక్యం గుర్తొచ్చిందో అడిగి రాయాల్సిన పని మన ముందుంది. బోస్టన్ స్త్రీల చరిత్రకు ఉపన్యాసాల అచ్చుప్రతులు ఉన్నాయి, స్పెయిన్ స్త్రీల చరిత్రకు విచారణ పత్రాలు ఉన్నాయి. వీళ్ళ కథకు ఇంకా కాగితమే దొరకలేదు.

ధైర్యం పుట్టుకతో వచ్చే గుణమన్నట్టు మాట్లాడుతుంటాం. ఎస్తేరు కథ అలా చెప్పదు. ఆమె ముందు భయపడింది, భయాన్ని దాచకుండా చెప్పింది. మూడు రోజుల గడువు అడిగింది. ఒక్కతే ఉండకుండా పనికత్తెలతో కలిసి ఆకలితో కూర్చుంది. ఆ పనికత్తెల పేర్లూ ఎవరూ రాయలేదు. ఆ తర్వాతే రాణివాసపు బట్టలు కట్టుకుని లోపలి ఆవరణలోకి నడిచింది. బతికి బయటపడ్డాక చేసిన ఆఖరి పని, కూర్చుని ఉత్తరం రాయడం.